జెండా ఎక్కడ కట్టారు

డిపో క్వార్టర్స్,
అక్టోబరు 6

బావా,

ఫోను ఎత్తవు. ఎత్తినా "ఊఁ" అని ఊరుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరానికైతే నువ్వు ఊఁ కొట్టినా నాకు వినిపించదు.

సీజన్ మొదలైంది. నిన్న ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, మన బాస్కెట్‌బాల్ హాల్లో మొదటి మ్యాచ్. ఏడాది పొడుగునా డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వేసే నేను, నాకు నేను సెలవు వేసుకునే రోజు అదొక్కటే. మేనేజరు కూడా అడగడం మానేశాడు.

గంట ముందే వెళ్ళాను. కోర్టుకి కొత్తగా పాలిష్ పెట్టారు. తలుపు తీయగానే ఆ వార్నిష్ వాసన. నీకు గుర్తుందో లేదో, అక్క ఆ వాసన పీల్చి "ఇప్పుడు నాకు కొత్త సంవత్సరం" అనేది. లైబ్రరీలో పగలంతా "ష్, ష్" అంటూ తిరిగే మనిషి, ఇక్కడికొస్తే రిఫరీ మీద గొంతు చించుకునేది. ఆటగాళ్ళు ఒకళ్ళొకళ్ళే వచ్చి బంతి నేలకేసి కొడుతుంటే ఆ చప్పుడు నా పక్కటెముకల్లో మోగింది. స్కోరుబోర్డు మీద రెండు సున్నాలు. నిజం చెప్పనా బావా, నాకు సీజన్ మొత్తంలో ఇష్టమైనది ఆ రెండు సున్నాలే. ఆ కాసేపు మనల్ని ఎవరూ ఓడించలేరు.

అక్క ముద్దుపేర్లు పెట్టిన ఆటగాళ్ళంతా ఉన్నారు. నిచ్చెనకి మోకాలి ఆపరేషన్ అయింది, కుంటడం లేదు కానీ దూకేముందు ఒక్క క్షణం ఆలోచిస్తున్నాడు. బొంగరం గడ్డం పెంచాడు, తిరగడం మాత్రం అదే తిరగడం. కెప్టెన్ పేరు మైకులో చదివినప్పుడు చప్పట్లు సగంలో ఆగాయి. ఫైనల్లో ఆఖరి రెండు ఫ్రీ త్రోలు ఆయనే కదా వదిలేసింది. ఒక్క పాయింట్‌తో కప్పు పోయింది. ఆరు నెలలైనా జనం మర్చిపోలేదు. నాకు కోపం రాలేదు, పాపం అనిపించింది.

మార్చిలో అక్క సంతకం చేసి పంపిన ఫారాలకి మూడు సీజన్ పాసులూ పోస్టులో వచ్చాయి. మూడూ జేబులో పెట్టుకునే వెళ్ళాను. అక్కది ఇంట్లో వదిలేయడానికి మనసొప్పలేదు. ఎడమ చివర నీ సీటు, మధ్యలో అక్కది, తర్వాత నాది. ఆ సీట్లు మనిషి లేవగానే టప్‌మని పైకి మడుచుకుంటాయి కదా. నీది మడుచుకునే ఉంది. మధ్యది మాత్రం కిందికి దిగే ఉంది. చేత్తో పైకి నెట్టాను. మెల్లగా మళ్ళీ దిగింది. స్ప్రింగు పోయినట్టుంది. నువ్వుంటే రెండు నిమిషాల్లో బాగుచేసేవాడివి.

మన వెనక వరసలోకి ఈ ఏడాది కొత్తగా ఒకాయన వచ్చాడు. కళ్ళద్దాల షాపాయన. హాఫ్ టైంలో నేను టీ తాగి వచ్చేసరికి, "సార్, మీ పక్కావిణ్ణి కాస్త వెనక్కి ఆనుకోమంటారా? ముందుకి వంగితే నాకు బోర్డు కనపడట్లేదు" అన్నాడు. కళ్ళద్దాలమ్మే ఆయనకే చూపు సరిగా లేదని నాలో నేను నవ్వుకున్నాను.

పదకొండు పాయింట్లతో గెలిచాం. వచ్చే మ్యాచ్‌కి రా. నీ సీటు అలా మడుచుకుని ఉంటే చూడలేకపోతున్నాను.

నీ బావమరిది


అద్దె గది, పాత మార్కెట్ వెనక,
అక్టోబరు 14

బావమరిదికి,

ఉత్తరం అందింది. సంతోషం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నిటికీ మెకానిక్‌లం ఇద్దరమే. పొద్దున్న ఎక్కడో ఒక షాఫ్టులో దిగితే మళ్ళీ సాయంత్రానికి వెలుతురు చూడటం. నాకిది బాగానే ఉంది. షాఫ్టులో ఎవరూ పలకరించరు.

సీటు సంగతి. అవి చుట్టల స్ప్రింగులు. రెండు పక్కలా ఒక్కోటి ఉంటుంది. ఒకటి విరిగితే సీటు వంకరగా, సగంలో ఆగుతుంది. రెండూ వదులైతేనే పూర్తిగా దిగుతుంది. కానీ అలా దిగేటప్పుడు మెల్లగా దిగదు, దభీమని పడుతుంది. నువ్వు మెల్లగా అని ఎందుకు రాశావో తెలీదు. హాలు వాళ్ళకి చెప్పు, మారుస్తారు.

ఖాళీ పాసు వృథా చేయకు. మీ డిపోలో ఎవరికైనా ఇవ్వు.

నేను రాను. ఈ సీజన్‌కి నన్ను అడగకు.

మీ బావ


డిపో క్వార్టర్స్,
అక్టోబరు 28

బావా,

నీ మాట ప్రకారమే అన్నీ చేశాను. అందుకే ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు.

మొదట స్ప్రింగులు. హాలు వాళ్ళు మనిషిని పంపారు. విప్పి చూసి, "రెండూ శుభ్రంగా ఉన్నాయండీ, అయినా మీరడిగారని కొత్తవి వేస్తున్నాను" అన్నాడు. వేశాక పదిసార్లు కిందికి నొక్కి వదిలాడు. పదిసార్లూ టప్‌మని లేచింది. నేను కళ్ళారా చూశాను.

తర్వాత పాసు. మా పెద్దగొంతు కండక్టర్ని తీసుకెళ్ళాను. వాడికి సిగ్గూ భయమూ రెండూ లేవని డిపో అంతా తెలుసు. మధ్య సీట్లో కూర్చోబెట్టాను. మొదటి క్వార్టర్ సగం కాకుండానే లేచి వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాడు. చివరిదాకా అక్కడే. బస్సులో తిరిగొస్తూ అడిగితే ఇలా అన్నాడు:

"చల్లగా ఉందంటే ఏసీ అనుకుందును గురూ. వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళారు, రాగానే లేవాలి, అన్నట్టుంది. ఎంతసేపని అలా కూర్చోను? ఇంకొకరి సీటు కదా."

అది అక్కదని వాడికి నేను చెప్పలేదు.

వాడు లేచాక సీటు పైకి మడుచుకుంది. కొత్త స్ప్రింగులు కదా అనుకున్నాను. రెండో క్వార్టర్ మొదలవగానే నేను ఆటే చూస్తున్నాను, పక్కన ఏదో కదిలింది. చూస్తే సీటు దిగుతోంది. మెల్లగానే బావా. మనిషి ఒక చేత్తో పట్టుకుని దింపుకుని, సర్దుకుని కూర్చున్నట్టు.

ఆట అయ్యాక కళ్ళద్దాలాయన నన్ను ఆపాడు. మొహమాటంగా, "ఆవిడ మీ బంధువా సార్?" అన్నాడు. ఎవరన్నాను. "మీ పక్కావిడే. హాఫ్ టైంలో మీరు లేనప్పుడు నా వైపు తిరగకుండానే అడిగారు. జెండా ఎక్కడ కట్టారండీ అని. ఏ జెండా అమ్మా అన్నాను. మనం కప్పు గెలిచాం కదా, ఆ జెండా అన్నారు. నాకు తెలిసి మీ జట్టు ఫైనల్ ఓడిపోయింది. పెద్దావిడతో వాదన ఎందుకని ఊరుకున్నాను."

కప్పు గెలిచిన జట్టు మరుసటి సీజన్‌లో తమ హాలు పైకప్పుకి జెండా కట్టుకుంటుంది కదా. మన పైకప్పుకి పందొమ్మిదేళ్ళ నాటి ఒకే ఒక్క జెండా వేలాడుతోంది, రంగు వెలిసిపోయి. ఈ ఏడాది రెండోది రావాల్సింది, రాలేదు.

ఇది ఎవరి వేళాకోళం? ఫైనల్ రోజు నేను పై ఊళ్ళో, ఆట జరిగిన స్టేడియంలో ఉన్నాను. "నువ్వెళ్ళి చూసి రా, నేనెక్కడికీ పోను" అని అక్కే బలవంతంగా పంపింది. తెల్లారి బస్సు దిగి ఆసుపత్రికి పరిగెత్తేసరికి అయిపోయింది. గెలిచామో ఓడామో అక్కకి తెలియకుండానే పోయిందని ఇన్నాళ్ళూ నేననుకుంటున్నాను. గెలిచామని ఎవరైనా ఎందుకనుకుంటారు?

జవాబు రాయి. ఈసారి స్ప్రింగుల గురించి వద్దు.

నీ బావమరిది


అద్దె గది,
నవంబరు 2

బావమరిదికి,

ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశావా, నీ సొంత మాటల్లో రాశావా? "ఎక్కడ కట్టారు" అందా, "కట్టారా" అందా? రెండిటికీ తేడా ఉంది.

గొంతు ఎలా ఉందో అడుగు. కోపంగా ఉందా, మామూలుగా ఉందా?

ఆయనకి చెప్పు, మళ్ళీ అడిగితే ఏమీ చెప్పొద్దని. నువ్వూ చెప్పకు. ఎవరూ ఆవిడకి జవాబు చెప్పొద్దు.

మీ బావ


డిపో క్వార్టర్స్,
నవంబరు 11

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎవరో పెద్దావిడ నీకు తెలీని మనిషితో ఏదో అన్నదని రాస్తే, మా బావ "పోనీలేరా, ఆయనకి చెవుడేమో" అనాలి. నువ్వు గొంతు ఎలా ఉందని అడుగుతున్నావు. ఎవరి గొంతో నీకు తెలిసినట్టు.

అడిగాను. "ఎక్కడ కట్టారు" అనే అన్నదట. కోపమేమీ లేదట. కట్టే ఉంటారు, నాకే కనపడటం లేదు అన్నట్టుందట. మెడ ఎత్తి పైకప్పు కేసి ఒక్కో దూలమే వెతికిందట.

మొన్న మూడో మ్యాచ్. మన మెట్ల దగ్గర టికెట్లు చూసే అమ్మాయి కూడా ఈ ఏడాదే చేరింది, మనల్ని ముందు ఎప్పుడూ చూసిన మనిషి కాదు. ఆట అయిపోయి హాలు ఖాళీ అయ్యాక నన్ను పిలిచింది.

"సార్, మీతో వచ్చే మేడమ్ గారికి ఒంట్లో బాగుంటుందా?"

"ఏం?"

"అందరూ వెళ్ళాక కూడా కప్పుల అద్దాల బీరువా ముందు నిలబడతారు. మూడుసార్లూ అంతే. కొత్త కప్పు ఏ అరలో పెట్టారమ్మా అని అడుగుతారు. నాకు తెలీదండీ, కొత్తగా చేరానండీ అంటాను. పాపం, సరేలే అంటారు. చూస్తే జాలేస్తుంది. ఆ జుట్టు అంత పొట్టిగా కత్తిరించారేంటి సార్, జబ్బు చేసిందా?"

బావా, నాకు మెట్లు కనపడలేదు. రెయిలింగు పట్టుకున్నాను. అక్క జడ మోకాళ్ళ దాకా ఉండేదని మన వరసలో పాతవాళ్ళందరికీ తెలుసు. ఆసుపత్రిలో కత్తిరించారని తెలిసింది నీకూ నాకూ నర్సుకూ. పోయిన ఏడాది అక్కని రోజూ చూసినవాడెవడైనా వేళాకోళం చేయాలనుకున్నా, ఆ జుట్టు వాడికి తట్టదు.

నాకు భయం వేయడం లేదని కాదు. వేస్తోంది. కానీ దానికంటే ఏడుపొస్తోంది. నేను పక్కనే కూర్చుంటాను. మోచెయ్యి మోచెయ్యి తగిలేంత దగ్గర. అయినా నాతో ఒక్క మాట అనదు. ముక్కూ మొహం తెలియని కళ్ళద్దాలాయన్ని అడుగుతుంది, టికెట్ల పిల్లని అడుగుతుంది. తోడబుట్టినవాణ్ణి, నన్నెందుకు అడగదు?

నీకు తెలుసు. నీ ఉత్తరమే చెబుతోంది నీకు తెలుసని. ఫైనల్ రోజు సాయంత్రం అక్కతో ఏం చెప్పావు?

నీ బావమరిది


అద్దె గది,
నవంబరు 19

ఒరేయ్,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇదైనా పంపుతానో లేదో.

నాలుగో అంతస్తు వార్డులో టీవీ లేదు. కింద, విజిటర్ల గదిలో ఒకటుండేది. సాయంత్రం ఐదింటికి మ్యాచ్ మొదలైంది. మీ అక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. "వెళ్ళి చూసి రండి, వెళ్ళి చూసి రండి." లిఫ్టులో కిందికి దిగడం, స్కోరు చూడటం, పైకొచ్చి చెప్పడం. ఎవరు వేశారు, ఎక్కణ్ణుంచి వేశారు, నిచ్చెన మోకాలు ఎలా ఉంది, అన్నీ కావాలి. చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది. చూస్తున్నట్టే వేళ్ళు కదిలేవి. ఆ వారంలో ఆవిడ మొహంలో రంగు చూసింది ఆ సాయంత్రమే.

చివరి సారి దిగినప్పుడు ఆటకి ఇంకా నాలుగు సెకన్లున్నాయి. ఒక్క పాయింట్ వెనక. కెప్టెన్‌కి రెండు ఫ్రీ త్రోలు. ఒకటి రింగుకి తగిలి బయటికొచ్చింది. రెండోది రింగు మీద రెండు చుట్లు తిరిగి బయటికే వచ్చింది. గదిలో వాళ్ళంతా అయ్యో అన్నారు. నేను వెళ్ళి లిఫ్టు ఎక్కాను.

ఆ లిఫ్టు నేను ఎన్నోసార్లు విప్పి బిగించిందే. కింది నుంచి నాలుగో అంతస్తుకి ముప్పై ఎనిమిది సెకన్లు. అంతకంటే ఒక్క సెకను ఎక్కువ తీసుకోదు. నా జీవితంలో ఒక లిఫ్టు మధ్యలో ఆగిపోవాలని కోరుకున్నది అప్పుడొక్కసారే. ఆగలేదు. నేను బిగించింది మరి.

తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

"గెలిచాం" అన్నాను.

"ఎంతతో?"

"ఒక్క పాయింట్. కెప్టెన్. రెండు ఫ్రీ త్రోలూ పడ్డాయి. రెండోది రింగు మీద రెండు చుట్లు తిరిగి లోపలికే పడింది."

కాసేపు నన్నే చూసింది. తర్వాత నవ్వింది. "జెండా కట్టే రోజు నన్ను తీసుకెళ్ళాలి మీరు. వీల్‌చెయిర్‌లోనైనా సరే" అంది. తీసుకెళ్తానన్నాను. నా చెయ్యి తీసి తన దుప్పటి మీద పెట్టుకుంది. నిద్రపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఊపిరి ఆగింది.

చెప్పినందుకు బాధ లేదనుకునేవాణ్ణి. పోయే మనిషికి సంతోషం ఇచ్చాననుకున్నాను. కానీ సీజన్ దగ్గర పడేకొద్దీ ఆ హాలు తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి. పైకప్పు చూడాలి, అక్కడ జెండా ఉండదు, నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. బదిలీ అడిగి ఇంత దూరం వచ్చింది దానికే. దుఃఖం అని అందరితో చెప్పాను. దుఃఖం కాదురా, తప్పించుకోవడం.

తీసుకెళ్తానన్నాను. తీసుకెళ్ళలేదు. తనే వచ్చింది.

ఇప్పుడు నన్నేం చేయమంటావు?

మీ బావ


డిపో క్వార్టర్స్,
నవంబరు 26

బావా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. డ్యూటీ చార్టు మీద పెన్ను విరిగిపోయేంత. రెండు రోజులయ్యాక ఆ లిఫ్టులో నన్ను నిలబెట్టుకుని చూశాను. ముప్పై ఎనిమిది సెకన్లలో నేనైతే ఏం చెప్పేవాణ్ణి? నువ్వు చెప్పిందే చెప్పేవాణ్ణి. నీ అంత బాగా కూడా చెప్పలేకపోయేవాణ్ణి. ఆ రెండు చుట్లు నాకు తోచవు.

నీ మీద భారం వేయకూడదని నేనే ఒక ప్రయత్నం చేశాను. మొన్న ఆదివారం, మొదటి క్వార్టర్ అయ్యాక, సీటు దిగాక, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ చిన్నగా అన్నాను. "అక్కా, ఓడిపోయాం. కెప్టెన్ రెండూ వదిలేశాడు. జెండా లేదు." ఏమీ కాలేదు. సీటు అలాగే ఉంది. ఆట అయ్యాక వెనకాయన నా భుజం తట్టి, "మీరేదో చెప్పినట్టున్నారు, ఆవిడకి నచ్చలేదండోయ్" అన్నాడు. ఎందుకన్నాను. "మీ వైపు చూసి, నిన్నెవరు అడిగారు అన్నట్టు తల తిప్పేసుకున్నారు" అన్నాడు.

అక్క గురించి ఇంకెవరైనా అలా చెబితే నమ్మకపోదును. చిన్నప్పుడు నేను మధ్యలో దూరితే సరిగ్గా అలాగే తల తిప్పుకునేది.

నేను చెబితే సరిపోదు బావా. నేను ఆ మాట ఇచ్చినవాణ్ణి కాదు.

డిసెంబరు ఏడు, ఆదివారం, నాలుగింటికి మ్యాచ్. నీ పాసు ఈ కవర్లో పెడుతున్నాను. ఆ రోజు నేను రాను. నాకు నేను డ్యూటీ వేసుకున్నాను. మీ ఇద్దరి మధ్యా మళ్ళీ తల దూర్చి తిట్టించుకోలేను.

భయపడకు అని రాయబోయాను. నేను భయపడుతూ నీకు ఆ మాట చెప్పడం ఎందుకు? భయపడుతూనే రా.

నీ బావమరిది


అద్దె గది,
డిసెంబరు 9

బావమరిదికి,

నిన్ను కలవకుండానే బస్సెక్కేశాను. ఏమనుకోకు. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పగలిగే సంగతి కాదు ఇది.

మూడుంపావుకే వెళ్ళాను. గేటు దగ్గరే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. నా వెనక లైను పెరిగిపోయి తోసుకుంటూ లోపలికి తెచ్చేసింది. ఆ వార్నిష్ వాసన నువ్వు రాసినట్టే ఉంది. మన వరసకి వెళ్ళేసరికి మూడు సీట్లూ మడుచుకునే ఉన్నాయి. నా సీటు దింపుకుని కూర్చున్నాను. పైకప్పు వైపు చూడలేదు.

సీటు ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. జట్ల పేర్లు చదువుతున్నారు, అందరూ లేచి నిలబడ్డారు, నేనూ లేచాను. కూర్చుంటూ పక్కకి చూస్తే దిగి ఉంది. పదహారేళ్ళ నుంచి స్ప్రింగులతో, తాళ్ళతో, బరువులతో పని చేస్తున్నాను. బరువు లేకుండా అలా నిలవదు. కుషన్ మధ్యలో కొంచెం నొక్కుకుపోయి ఉంది. చెయ్యి పెట్టి చూసే ధైర్యం లేకపోయింది.

మొదటి క్వార్టర్ అంతా స్కోరుబోర్డే చూశాను. రెండో క్వార్టర్‌లో కెప్టెన్‌కి ఫ్రీ త్రోలు వచ్చాయి. హాలంతా గప్‌చుప్. ఆయన బంతి నేలకి మూడుసార్లు కొట్టి రింగు కేసి చూస్తున్నాడు. అప్పుడు నా గొంతు నాకు వినిపించింది.

"ఆ రోజు ఓడిపోయాం" అన్నాను. "రెండూ పోయాయి. రెండోది రింగు మీద రెండు చుట్లు తిరిగిన మాట నిజం. బయటికి పడింది. నీకు అబద్ధం చెప్పాను. జెండా ఎక్కడా కట్టలేదు. వెతక్కు. నిన్ను తీసుకొస్తానని, రాలేక పారిపోయాను."

జవాబు వస్తుందని ఆగాను. నీకు వినిపించలేదు కానీ నాకు వినిపిస్తుందని ఎక్కడో ఆశ. ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం హక్కు ఉంటుందనుకున్నాను. ఏమీ వినిపించలేదు. కెప్టెన్ మొదటిది వేశాడు, పడింది. జనం అరిచారు. రెండోదీ పడింది.

తర్వాత ఏమైందో నీకు చెబితే నవ్వుతావు. ఆటలో పడిపోయాను. బొంగరం ముగ్గుర్ని తప్పించుకుని వెళ్ళి బంతి అందిస్తే నిచ్చెన ఆలోచించకుండా దూకాడు. నేను లేచి అరిచాను. రిఫరీని తిట్టాను కూడా, మీ అక్క వాడే మాటలతోనే. కళ్ళద్దాలాయన వెనక నుంచి "మీరు కూడా వీళ్ళ జట్టేనా సార్" అని నవ్వాడు. మూడో క్వార్టర్ అయ్యాక గుర్తొచ్చి పక్కకి చూశాను. సీటు మడుచుకుని ఉంది. ఎప్పుడు లేచిందో, చప్పుడైనా వినలేదు.

ఆట అయ్యాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. హాలు ఊడ్చేవాళ్ళు కాళ్ళు ఎత్తమన్నాక లేచాను. బీరువా దగ్గర ఎవరూ లేరు. మెట్ల దగ్గర టికెట్ల అమ్మాయి నన్ను చూసి, "మీరు మేడమ్ గారి సారు కదండీ?" అంది.

ఎలా తెలుసన్నాను.

"ఆవిడే చూపించారండీ. హాఫ్ టైం కాకముందే వెళ్ళిపోయారు. సారుకి చెప్పనా అంటే, వద్దు, ఆట చూస్తున్నాడు, చూడనివ్వు అన్నారు." ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ, "ఇంకోటి కూడా అన్నారు. చెప్పమన్నారో, ఊరికే అన్నారో తెలీదండీ" అంది.

"చెప్పమ్మా."

"నాకు ఆ రోజే తెలుసు, ఆయనే ఎప్పుడు చెబుతాడా అని చూశాను అన్నారు. ఎలా తెలుసండీ అన్నాను. అబద్ధం చెబితే ఆయనకి చెవులు ఎర్రబడతాయి, పెళ్ళైనప్పటి నుంచీ అంతే, ఆయనకే తెలీదు అన్నారు."

నాకు నిజంగానే తెలీదురా. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

మొన్న ఆరు పాయింట్లతో ఓడిపోయాం. నిచ్చెన బాగా ఆడాడు, మన డిఫెన్స్ ఏడ్చినట్టుంది. బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, చుట్టుపక్కల ఎవరూ చూడటం లేదని చూసుకుని, రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకున్నాను. చల్లగానే ఉన్నాయి.

మీ బావ